ఉప్పునీటి తొట్టిలో తెల్లచుక్కలు

ఇంట చేపలను పెంచు సోదరీమణులలో కొందఱు, తమ చేపల మేన తెల్లని చుక్కలు పొడసూపుచున్నవనియు, అంగడివా రిచ్చిన మందు వేసినను కొన్నాళ్ళకే అవి మరల వచ్చుచున్నవనియు మమ్మడుగుచున్నారు. మంచినీటి తొట్టియైనచో ఈ ప్రశ్నకు సమాధానము కొంత సులువు. ఉప్పునీటి తొట్టియై, అందును ఱాళ్ళతోపాటు రొయ్యలు, నత్తలు, సముద్రపుష్పములు కూడియున్నదైనచో, ఒక ప్రాణిని బ్రదికించు మందే మఱియొక ప్రాణికి విషమగును. ఈ చిక్కులో మేమును పడితిమి. రెండు చేపలను పోగొట్టుకొని పాఠము నేర్చితిమి. ఆ పాఠమును ఈ మాసము సోదరీమణుల ముందుంచుచున్నాము.

మా జహీరాబాదు సముద్రమునకు మిక్కిలి దూరమైన యూరు. తూర్పునకు పోయినను, పడమటికి పోయినను, 300 కిలోమీటర్లకు పైబడి ప్రయాణము చేసినగాని కెరటము కంటబడదు. చెఱకు, అల్లము, కంది, జొన్న పండెడి ఈ నేలమీద పెరుగు పిల్లలలో సముద్రమును చూడనివారే యెక్కువ. వారికి దాని నొకింతయైన చూపవలెనని మా వారు మాయింటి ముందటి గదిలో 300 లీటర్ల గాజుతొట్టి నొకదానిని నెలకొల్పిరి. ఇచ్చటి బోరునీరు మిక్కిలి కఠినమగుటచే యంత్రమున వడగట్టిన నీటిలో లీటరునకు 35 గ్రాముల చొప్పున సముద్రపు టుప్పు కలిపి నింపితిమి. అందు రెండు విదూషక చేపలు, ఒక నీలిచేప, ఇసుకలో బొరియ చేసికొనెడి గోబీచేప యొకటి, రెండు రొయ్యలు, నత్తలు, ఒక సముద్రపుష్పము కాపురముండెడివి. సాయంకాలము బడి విడిచినతోడనే పిల్లలు వచ్చి గాజునకు ముక్కు లానించి కూర్చుండెడివారు.

పగడములు లేని సముద్రపు తొట్టి యెట్టిదని కొంద ఱడుగవచ్చును. ఱాతిపగడములన్నియు 2001వ సంవత్సరము నుండి మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టములోని మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. పులికెట్టి రక్షణయో పగడమునకు నట్టి రక్షణయే. కావున మా తొట్టిలోని ఱాళ్ళు మనుష్యులు చేసినవి. పగడములు లేకున్నను చిక్కు తీఱలేదు. మందుల విషయమున రొయ్యయు, నత్తయు, సముద్రపుష్పమును పగడమువలెనే సుకుమారములు.

దసరా సెలవులలో హైదరాబాదునందలి యొక యంగడినుండి చిన్న సర్జను చేప నొకదానిని తెచ్చితిమి. అది యీదుటకు మా తొట్టి చిన్నదని యిప్పుడు తెలిసినది గాని, అప్పుడు దాని నీలిరంగునకు మురిసిపోయితిమి. ప్లాస్టికు సంచిలో నూఱు కిలోమీటర్లకు పైగా బస్సులో వచ్చిన యా చేపను, సంచి నరగంట తేలనిచ్చి, తిన్నగా తొట్టిలో విడిచితిమి. ఇదియే మా మొదటి తప్పు. వారము తిరుగకమునుపే దాని ఱెక్కలమీద ఉప్పురవ్వ చల్లినట్లు చుక్కలు తోచెను. చేప ఱాళ్ళకు మేను రాచుకొనుచు, వడివడిగా మొప్పలాడించుచుండెను. మేము దిగులుపడితిమి. కాని నాలుగైదు దినములలో ఆ చుక్కలు వాటంతటవియే మాయమయ్యెను. చేప మరల మేత తినసాగెను. మందు లేకయే కుదిరినదని సంతోషించి, పిల్లలతో నదే చెప్పితిమి. ఇది మా రెండవ తప్పు; మొదటిదానికంటె పెద్దది.

దీపావళినాటికి చుక్కలు మరల వచ్చెను. ఈసారి పదింతలై, చేపలన్నిటిమీదను వచ్చెను. సర్జను చేప మేత మాని, గాలి బుడగలు లేచుచోట నోరు తెఱచుకొని నిలిచి, పండుగ తెల్లవాఱునప్పటికి అడుగున పడియుండెను. గోబీచేప ఆనాటి సాయంకాలమే పోయెను. అంగడివారికి ఫోను చేయగా, పూర్వము మాకమ్మిన మందుసీసా నెత్తి తొట్టిలో పోయుడనిరి. కొలతమూతతో మందు తీసి చేత పట్టుకొనియుంటిమి. అప్పుడు మాయింటికి వచ్చుచుండు నొక బాలిక, సీసామీది చిన్న అక్షరములను ఇంగ్లీషు పాఠము చదివినట్లు చదివి, "అమ్మగారూ, దీనిలో రాగి యున్నదట. వెన్నెముక లేని ప్రాణులున్న తొట్టిలో వేయరాదని వ్రాసినారు. మన రొయ్యలకు వెన్నెముక యున్నదా?" అని యడిగెను. మేము మూత దించితిమి. ఆ రాత్రి దీపములు పెట్టుటయే గాని మనసు పండుగమీద లేదు. మఱునాటినుండి యీ వ్యాధిని గూర్చి చదువ మొదలిడితిమి.

ఈ వ్యాధికి కారణము కంటికి కనబడని యేకకణజీవి. దీనిని శాస్త్రజ్ఞులు క్రిప్టోకేరియాన్ ఇర్రిటాన్స్ అందురు. జపాను దేశపు సముద్రచేపలలో దీనిని 1937 ప్రాంతమున సికామా యను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. 1951లో బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు దీనికి పేరిడెను. కోస్తా సోదరీమణులకు తెల్లమచ్చ యనగానే రొయ్యల చెఱువులు జ్ఞప్తికి వచ్చును. 1994-95లో ఆ చెఱువులను నష్టపఱచిన తెల్లమచ్చ తెగులు వైరసువలనిది. దానికిని దీనికిని రూపమున పోలికయే గాని చుట్టఱికము లేదు. కొల్లేటి ప్రాంతపు బొచ్చె, శీలావతి చెఱువులలో చేపలను పట్టి పీడించెడి చేప పేనును వేఱు. అది కంటికి కనబడు పురుగు, చేప మేనిపై నంటి తిరుగును. మన తెల్లచుక్క పురుగు చేప చర్మము క్రిందనే దూఱి కూర్చుండును. పైనుండి పోసిన మంద దానిని తాకజాలదు. చికిత్స తప్పుటకు తొలి కారణ మిదియే.

రెండవ కారణము దాని జీవితచక్రము. దాని నెఱుగనివారు మావలెనే మోసపోవుదురు. ఆ చక్రమున నాలుగు దశలు గలవు. మొదటిది తినుదశ: పురుగు చేప చర్మమునందును మొప్పలయందును దాగి 3 మొదలు 7 దినములు దాని నాశ్రయించి తినుచు పెరుగును, మనకు చుక్కగా కనబడునది ఈ దశయే. రెండవది ప్రాకుదశ: కడుపునిండిన పురుగు చేపను విడిచి ఇసుకమీదను, ఱాళ్ళమీదను కొన్ని గంటలు ప్రాకును. మూడవది గూటిదశ: ఒకచోట నంటుకొని, చుట్టును గట్టి పొర కట్టుకొని, లోపల తన్ను తానే విభాగించుకొని, ఒకటి వందలాది పిల్లలగును. ఈ గూడు కొన్ని మూడు దినములకే పగులును, కొన్ని నెలదినములకు, మఱికొన్ని రెండు నెలలు దాటినను పగులక యుండును. నాలుగవది ఈదుదశ: గూడు వెడలిన పిల్లలు చేపను వెదకుచు ఈదును, ఒకటి రెండు దినములలో చేప దొరకనిచో చచ్చును.

చుక్కలు మాయమైనప్పుడు వ్యాధి కుదిరినదని మేము తలచితిమి గదా! నిజమునకు అప్పుడు శత్రువు చేపను విడిచి ఇసుకలో గూడు కట్టుకొనుచుండెను. భారతమున సేన యంతయు నశించిన పిమ్మట దుర్యోధనుడు మడుగున జలస్తంభన చేసి దాగిన కథ మన మెఱిగినదే. నీటిపై అలజడి లేదని పాండవులు ఇండ్లకు మరలలేదు. మేము మరలితిమి. ఋణశేషము, అగ్నిశేషము, శత్రుశేషము నుంచరాదని పెద్దలు చెప్పుదురు; రోగశేషమును ఆ పట్టికలో చేర్చుట మఱవరాదు.

పురుగు దేహములోనే యుండునని తలచి, దాని రెండవ యిల్లు వెదకకుండుట మనుష్యుల వైద్యమునందును చిరకాలము జరిగిన పొరపాటే. చలిజ్వరపు పురుగు రోగి రక్తమున నుండుట యెఱిగియు, అది యొకరినుండి యొకరికెట్లు సోకునో వైద్యు లెఱుగరైరి. మన సికిందరాబాదునందే 1897 ఆగస్టు 20వ తేదీని రోనాల్డు రాసు దోమ కడుపులో దాని జాడ కనిపెట్టెను. అప్పటినుండి జ్వరమునకు మందిచ్చుటతోపాటు దోమను నివారించుటయు చికిత్సలో భాగమయ్యెను. ఉప్పునీటి తొట్టిలోను ఇట్లే రెండు పనులు కలవు: చేప మేని పురుగును వదలించుట యొకటి, తొట్టి యడుగున దాగిన పురుగును నశింపజేయుట రెండవది. ఒకే మందుతో, ఒకే తొట్టిలో, ఈ రెండును సాధింపజూచుటవలననే నష్టము కలుగును.

రాగి యీ పురుగునకు మందే. కాని అది యీదుదశలోని పిల్లలనే చంపును; చర్మము క్రింద దాగినదానిని గాని, గూటిలోనిదానిని గాని తాకదు. కావుననే దానిని వారములకొలది ఒకే కొలతలో నుంచవలెను. ఆ రాగియే రొయ్యలకును, నత్తలకును, సముద్రపుష్పములకును, పగడములకును ప్రాణాంతకము. అంతేకాక, సున్నపు ఱాళ్ళు దానిని పీల్చుకొని, తరువాత కొంచెము కొంచెముగా విడుచుచుండును. క్షీరసాగరమును మథించినప్పుడు అమృతము పుట్టిన కడలినుండియే హాలాహలమును పుట్టెను గదా! కాబట్టి ఱాళ్ళు, రొయ్యలు గల తొట్టిలో రాగి మందు ఒక్క చుక్కయు వేయరాదు. సీసాపై "అన్ని ప్రాణులకును హానిలేనిది" అని వ్రాసియున్న మందులను నమ్ముటకు ముందు అందేమున్నదో చదువవలయును. ఏమున్నదో వ్రాయని మందును కొననే కూడదు.

ఇక చేపల చికిత్స. చేపల నన్నిటిని, చుక్కలు లేనివానిని గూడ, తొట్టినుండి తీసి వేఱుగా నుంచవలెను. మేము సగము దినము శ్రమపడి, ఱాళ్ళు తీసి, మిగిలిన మూడు చేపలను పట్టితిమి. తరువాత వారికి మూడు మార్గములు గలవు.

మొదటిది రాగి మందు. వేఱు తొట్టిలో, ఱాళ్ళును ఇసుకయు లేకుండ, లీటరు నీటికి 0.15 మొదలు 0.20 మిల్లీగ్రాముల రాగి యుండునట్లు రెండు మూడు దినములలో మెల్లగా పెంచి, మూడు వారములకు తక్కువగాక యుంచవలెను. ఈ కొలత సాధారణ రాగిమందుకే చెల్లును. వేఱు పదార్థముతో బంధింపబడిన రాగి గల మందునకు దాని సీసాపైని కొలతయే ప్రమాణము. ప్రతిదినమును పరీక్షసామగ్రితో కొలువనివారు ఈ మార్గమును పట్టరాదు; తక్కువైనచో పురుగు చావదు, ఎక్కువైనచో చేప చచ్చును. రెండవది ఉప్పు తగ్గించుట. లీటరునకు 35 గ్రాముల ఉప్పు గల నీటిని క్రమముగా 15 గ్రాముల కొలతకు దించి, నాలుగు వారములుంచినచో పురుగు గూటిలోనే నశించును. చేప దీనిని సహించును గాని రొయ్యలు సహింపవు. కొన్ని తెగల పురుగులు ఈ పలుచని నీటికిని ఓర్చుకొనును.

మూడవ మార్గము మందు లేనిది. గృహిణులకు నచ్చునది యిదియే. మేము పట్టినదియు నిదియే. గూడు పగులుటకు కనీసము మూడు దినములు పట్టునని పైన చెప్పితిమి. ఆ మూడు దినములు నిండకమునుపే చేపను క్రొత్త నీటిలోనికి మార్చినచో, రాలిన గూళ్ళు పాతనీటిలోనే యుండిపోవును. శిశువును తడిసిన గుడ్డనుండి పొడిగుడ్డలోనికి మార్చుట యెట్లో ఇదియు నట్లే. రెండు పెద్ద ప్లాస్టికు తొట్లు కావలెను. మొదటి దినమున చేపలు మొదటి తొట్టిలో. 4వ దినమున రెండవదానిలో. 7వ దినమున మరల మొదటిదానిలో. 10వ దినమున రెండవదానిలో. 13వ దినమున పరిశుభ్రమైన వేఱొక తొట్టిలో. విడిచిన తొట్టిని, వలను, గాలిగొట్టమును కడిగి, ఎండలో ఎముకవలె ఎండనీయవలెను. తడి యాఱినచో గూడు చచ్చును. క్రొత్తనీటి వేడియు ఉప్పును పాతనీటికి సరిపోవలెను. చేపలు దాగుటకు ప్లాస్టికు గొట్టపు ముక్కలు వేయవలెను. చేపతోపాటు పాతనీటిని క్రొత్తనీటిలో పోయరాదు. కరెంటు పోయినప్పుడు గాలి ఆగకుండ బ్యాటరీ పంపు నొకదానిని సిద్ధముగ నుంచుకొనుట మంచిది. వంటింటి పనులనడుమ తేదీలు మఱవకుండ మేము పంచాంగపు పుటమీదనే గుఱుతు పెట్టుకొంటిమి.

ఇక తొట్టి చికిత్స. దానికి మందు ఉపవాసమే. చేప లేనిచోట ఈదుదశలోని పిల్లలు ఆకలిచే చచ్చును. గూళ్ళలో కొన్ని రెండు నెలలు దాటియు పగులుచుండుటచే, 76 దినములు చేపలు లేకుండ తొట్టిని విడువవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. అందులో రొయ్యలకు, నత్తలకు, సముద్రపుష్పమునకు కొద్దికొద్దిగా మేత వేయుచుండవలెను. నీటి వేడిని 25, 26 డిగ్రీలయొద్ద నిలుపవలెను. చల్లని నీటిలో గూడు పగులుట మఱింత యాలస్యమగును.

ఈ 76 దినములే మా కెల్ల కష్టమైనవి. సాయంకాలము పిల్లలు వచ్చి, "చేపలు లేని తొట్టి యెందుకు, చూచుటకేమున్నది?" అని పోవుచుండిరి. బంధువులు వచ్చినప్పుడు ఖాళీతొట్టికి దీపము పెట్టిన ఇంటిదానినని నవ్విరి. ఒక మధ్యాహ్నము, నలుబదవ దినము కాబోలు, ఇంత చాలదా, నీరు తేటగానే యున్నదిగదా యని చేపల తొట్టికడకు వల తీసికొనిపోయితిమి. తేటనీటిని చూచియే మున్ను మోసపోయితిమని జ్ఞప్తికి వచ్చి, వలను గోడకు తగిలించి వచ్చితిమి. సీసామీది అక్షరములు చదివిన బాలికమాత్రము ప్రతిదినమును వచ్చి, పంచాంగములో నొక గీత గీసి పోయెడిది.

ఇతర పరాన్నభుక్కులను గూర్చి రెండు మాటలు. చేప మేనిపై ఉప్పురవ్వకు బదులు బంగారు ధూళి చల్లినట్లు కనబడి, చేప రెండు మూడు దినములలోనే పడిపోవుచున్నచో అది అమైలోఊడినియమ్ అను వేఱు జీవి. దానికి తొట్లు మార్చు పద్ధతి చాలదు. తడవు చేయక, వేఱు తొట్టిలో రాగియే శరణ్యము. చర్మమున నంటు చదునైన పురుగులకు మంచినీటి స్నానము ఉపకరించును: వేడియు, ఆమ్లతయు సరిపెట్టిన మంచినీటిలో అయిదు నిమిషములు కన్నార్పక చూచుచు చేప నుంచినచో, ఆ పురుగులు తెలుపెక్కి రాలును. తెల్లచుక్క వ్యాధికి ఈ స్నానము చికిత్స కాదు. పురుగు చర్మము లోపల నుండును గదా. మేతలో వెల్లుల్లి కలిపినచో చేప రుచిగా తినవచ్చును గాని వ్యాధి కుదురదు. శుభ్రకారులగు రొయ్యలు చేప మేను తుడుచుట చూడ ముచ్చటయే, కాని చర్మము క్రింది పురుగును అవి తీయజాలవు.

వచ్చిన వ్యాధిని కుదుర్చుటకంటె రానీయకుండుట సులువు. మన యిండ్లలో పురుడు వచ్చినచో పదునొకండు దినములు తల్లిని బిడ్డను వేఱుగదిలో నుంతుము. దాని ఆచారభాగము నట్లుంచి, తోడి ప్రాణులకు అంటు సోకకుండ ఎడము పాటించుట యందలి వివేకమును చేపల విషయమున గ్రహింపవలెను. క్రొత్తచేప యెంత యారోగ్యముగా కనబడినను, ఒక నెలదినములు వేఱు తొట్టిలో, వేఱు వలతో నుంచిన తరువాతగాని యింటి తొట్టిలో విడువరాదు. వీలైనచో ఆ తొట్టిని పది యడుగుల యెడముగా పెట్టుడు. ఒక తొట్టిలోని నీటి తుంపురు మఱియొకదానిలో పడిన చాలును. రొయ్యతోను, ఱాతితోను గూళ్ళు అంటుకొని రావచ్చును గావున వానికిని ఎడము తప్పదు. కొనుటయం దాలోచించి, సముద్రమున పట్టిన చేపకంటె కేంద్రమున పెంచిన చేపను కోరుట మేలు. విదూషక చేపలను మన దేశపు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు తొట్లలోనే పిల్లలు పెట్టించు విధానమును సాధించిరి. ఇట్టివాటిని కొనుటవలన పగడపు దిబ్బలకును మేలు. చికిత్స ముగిసిన నీటిని చెట్లకు గాని, చెఱువున గాని పోయరాదు, మురికికాలువలోనే విడువవలెను.

పుష్యపౌర్ణమి దాటిన తరువాత 76 గీతలును నిండెను. మఱునాటి సాయంకాలము మూడు చేపలను పాత తొట్టిలో విడిచితిమి. నీలిచేప ఱాతిక్రిందికి దూఱెను. విదూషక చేపలు కొంతసేపు తడబడి, సముద్రపుష్పము జాడ పట్టి దానిలో నొదిగెను. గీతలు గీసిన బాలికయు, మఱి నలుగురు పిల్లలును గాజునకు ముక్కు లానించి చూచుచుండిరి. నాడు చేప కుదిరినదని వారితో చెప్పినవారము మేమే గావున, ఈసారి అట్లు చెప్పక, "ఇంకొక మాసము చూతము" అంటిమి. ఆ మాసమును గడచినది. చుక్క కనబడలేదు. క్రొత్తచేప కొఱకు వేఱు తొట్టి యొకటి వరండాలో ఖాళీగా నున్నది. అది నిండువఱకు అంగడికి పోవలదని మాలో మేము కట్టుబాటు చేసికొంటిమి.